నూరు శాతం సుద్దకొండ

మా సుద్దకొండకు పడమటి పక్కన, కొండ మీద, గాలిమరలు తిరుగుతుంటాయి. అవి పుట్టించే కరెంటు మా ఇళ్ళ మీదుగానే లావుపాటి తీగల్లో పట్నానికి పోతుంది. మాకు వచ్చే కరెంటేమో ఎక్కడో బొగ్గు కాల్చిన చోటు నుంచి వస్తుంది. మా ఊరి గాలి పట్నానికి, ఎవరిదో బొగ్గు మాకు. ఇట్లా ఎందుకని మేమెన్నడూ అడిగిన పాపాన పోలేదు. బల్బు వెలిగితే చాలు, ఫ్యాను తిరిగితే చాలు. కరెంటును కులగోత్రాలు అడిగే అలవాటు మా ఊళ్ళో లేదు.

ఆ అలవాటు ఈశ్వరవాక పరాంకుశం గారు డివిజనల్ ఇంజినీరుగా వచ్చాక మొదలైంది.

పరాంకుశం గారు చెడ్డవాడు కాదు. లంచం ముట్టడు. పొద్దున అటెండరు తాళంచెవి తెచ్చే వేళకే ఆఫీసు గేటు దగ్గర నిలబడి ఉండేవాడు. ఎంత చిన్నవాడినైనా మీరనే పిలిచేవాడు. ఆయనకున్నది ఒకటే బలహీనత. పై నుంచి వచ్చిన ఉత్తర్వును ఆయన నిజంగా నమ్మేవాడు.

ఆ ఏడు వచ్చిన ఉత్తర్వు ఇది: దేశం వాడే కరెంటులో ఎండ వల్ల, గాలి వల్ల, నీళ్ళ వల్ల వచ్చే వాటా నానాటికీ పెరుగుతున్నది గనుక, ప్రతి ఊరి అధికారీ తన ఊరి వాటా పెంచి చూపవలెను. చూపినవారికి శాలువా, జ్ఞాపిక. చూపనివారికి బదిలీ.

సంత మైదానం పక్కన మాకొక చిన్న సోలారు ప్లాంటు ఉంది. దాని పుణ్యమా అని మా వాటా పన్నెండు శాతం. నెలాఖరు సమీక్షలో రాజధాని నుంచి పెద్ద సారు టీవీ తెర మీద కనిపించి, "పన్నెండేనా పరాంకుశం గారూ? మీ ఊళ్ళో సూర్యుడు సెలవు పెట్టాడా?" అన్నాడట. తక్కిన ఊళ్ళ ఇంజినీర్లంతా తెర మీద చిన్న చిన్న గళ్ళలోంచి నవ్వారట. పరాంకుశం గారికి ఆ రోజు అన్నం సయించలేదు.

మర్నాడు ఆయన అసిస్టెంటు ఇంజినీరు కుళ్ళాయప్పను పిలిచాడు. కుళ్ళాయప్ప మా ఊరివాడే. ఉద్యోగానికి కొత్త, మాటకు ముందు కాస్త నీళ్ళు నమిలే రకం.

"వాటా పెంచడానికి మీ సూచన ఏమిటి?" అన్నాడు పరాంకుశం గారు.

"ఇండ్ల మీద ప్యానెళ్ళు పెట్టిద్దాం సార్. బ్యాటరీలు తెప్పిద్దాం. కొండ మీది గాలిమరల నుంచి ఊళ్ళోకి ఒక లైను లాగితే ఇంకా మేలు."

"దానికెంత కాలం పడుతుంది?"

"టెండర్లు అవీ ఉంటాయి కదా సార్. రెండు మూడేండ్లు."

"లక్ష్యం మార్చి నెలాఖరుకు," అన్నాడు పరాంకుశం గారు. ఆయన లేచి గోడకున్న నల్లబోర్డు మీద అడ్డంగా ఒక గీత గీశాడు. "వాటా అంటే భిన్నం. గీతకు పైనున్నది లవం, కిందనున్నది హారం. చిన్నప్పుడు చదివారు కదా?"

"చదివినా సార్."

"లవం పెంచడానికి మూడేళ్ళు. హారం తగ్గించడానికి?"

కుళ్ళాయప్ప బోర్డు వంక చూశాడు, సారు వంక చూశాడు. "మెయిన్ స్విచ్చి కిందికి దించితే చాలు సార్," అన్నాడు, కొంచెం భయంగా.

ఆ విధంగా మా ఊళ్ళో హార నియంత్రణ పథకం మొదలైంది.

మొదట మధ్యాహ్నం పూట బొగ్గు కరెంటు ఆపారు. వాటా ముప్పైకి ఎక్కింది. సాయంత్రం కూడా ఆపితే యాభై దాటింది. పెద్ద సారు తెర మీద చప్పట్లు కొట్టాడు. ఈసారి నవ్విన గళ్ళేవీ లేవు.

ఊళ్ళో అందరికంటే ముందు ఆఫీసు మెట్లెక్కింది చాంద్‌బీ. ఆమెకు బస్టాండు వెనక పిండి మిషను ఉంది. జొన్నలు, రాగులు, మిరపకాయలు ఏవి పట్టించాలన్నా ఊరంతా ఆమె దగ్గరికే పోతుంది. పోయినవాళ్ళు పిండితోపాటు నాలుగు చీవాట్లు కూడా తెచ్చుకుంటారు. మొగుడు లారీ తోలుతాడు. ఊళ్ళో ఉన్న నాలుగు రోజులు ఆయన కూడా చీవాట్లు తినే వరసలోనే నిలబడతాడు. ఆ రోజు చాంద్‌బీ చీర కుచ్చెళ్ళ దాకా కారం పట్టి ఉంది. ఆమె లోపలికి వస్తూనే అటెండరు మూడుసార్లు తుమ్మాడు.

"ఏం సార్, మిషను సగంలో ఆగిపాయ. ఒక్కొక్కరు చాటలు పట్టుకొని గంటలకొద్దీ కూర్చోనుండారు. కరెంటు కోత ఎన్నాళ్ళు?"

"కోత అనకండమ్మా," అన్నాడు పరాంకుశం గారు, ఎంతో మర్యాదగా కుర్చీ చూపిస్తూ. "ఇది మీకు బొగ్గు నుంచి విముక్తి. మేము హారం తగ్గిస్తున్నాం."

చాంద్‌బీ మెడ తడుముకుంది. "నా మెడలో నల్లపూసలు తప్ప ఏమీ ల్యాకపాయ. ఇంక తగ్గించేకి ఏముండాది సార్?"

పరాంకుశం గారు ఆమెను బోర్డు దగ్గరికి తీసుకుపోయి గీత పైది, గీత కిందది ఓపికగా వివరించాడు. ఆమె అంతా విన్నది. "అంటే మేం కరెంటు వాడకుంటే మీకు మంచి పేరు వస్తాది. అంతేనా?"

"మనకు, అమ్మా. ఊరికి వస్తుంది మంచి పేరు."

"ఊరికి పిండి కావల్ల సార్," అని చాంద్‌బీ దిగిపోయింది.

మార్చి దగ్గరపడేసరికి పరాంకుశం గారికి సగాలతో తృప్తి కలగలేదు. ఒక మంచి రోజు చూసి బొగ్గు కరెంటు పూర్తిగా ఆపించాడు. ఇక ఊరికంతా సంత మైదానం ప్లాంటే దిక్కు. ఎండ ఉన్నంతసేపు వంతులవారీగా వీధికింత. పొద్దుగూకితే ఏమీ లేదు. సుద్దకొండ రాష్ట్రంలోనే మొదటి నూరు శాతం ఊరైంది. బస్టాండులో పచ్చ బోర్డు పెట్టారు. రాత్రిపూట అది కనపడేది కాదు.

మేం సర్దుకున్నాం. సర్దుకోవడంలో మా సీమవాళ్ళను మించినవాళ్ళు లేరు. పెండ్లి ముహూర్తాలన్నీ మిట్టమధ్యాహ్నానికి మారాయి. టూరింగు టాకీసువాడు సెకండు షో పొద్దున పదింటికి వేశాడు. మసీదులో మైకు, గుళ్ళో మైకు ఒకేసారి మూగబోయాయి గనుక ఆ విషయంలో ఎవరికీ ఎవరి మీదా ఫిర్యాదు లేకపోయింది.

ఇంతలో తుపాను ముసురు పట్టింది. వారం పైగా సూర్యుడి ముఖం చూసినవాడు లేడు. ప్లాంటు సున్నా, ఊరి వాడకం సున్నా. రాజధానిలో కంప్యూటరుకు ఈ లెక్క మింగుడుపడక ఎర్రగీత చూపింది. పెద్ద సారు ఫోను చేశాడు. అప్పుడు గదిలో ఉన్న కుళ్ళాయప్పే ఇది తర్వాత మాకు చెప్పాడు.

"మీ వాటా గడిలో తప్పు అని వస్తోంది పరాంకుశం గారూ. నూరు తీసేయమంటారా?"

"తీయకండి సార్. మేము బొగ్గు కరెంటు ఒక్క యూనిట్ అయినా వాడామా?"

"లేదు."

"వాడిన ప్రతి యూనిటూ సూర్యుడిదేనా?"

"మీరసలు ఏ యూనిటూ వాడలేదు కదా?"

"వాడని ప్రతి యూనిటూ కూడా సూర్యుడిదే సార్. మా ప్రజలు వాడకపోయినా ఆకుపచ్చగానే వాడలేదు."

"మీరు అక్కడ ఉండవలసిన మనిషి కాదు," అన్నాడట పెద్ద సారు. ఆయన దాన్ని మెచ్చుకోలుగానే అన్నాడని కుళ్ళాయప్ప ఒట్టేసి చెప్పాడు.

ముసురు వెలిసేలోగా బజారులో డీజిలు ఇంజన్లు దిగాయి. అంగడికొకటి. చాంద్‌బీ కూడా ఒకటి తెచ్చి మిషనుకు బిగించింది. అది మొదలుపెడితే బస్టాండు దాకా నేల అదిరేది. ఆమె పట్టిన జొన్నపిండి రాగిపిండి రంగులో వచ్చేది. ఊరి మీద నల్లటి పొగ గొడుగులా నిలబడింది. మా ఊరి విజయం చూసి నేర్చుకోవడానికి పక్క జిల్లాల నుంచి ఇంజినీర్లు బస్సులో వచ్చారు. వాళ్ళు ముక్కులకు రుమాళ్ళు కట్టుకుని పచ్చ బోర్డు ముందు ఫొటో దిగారు.

అందులో ఒకాయన దగ్గుతూ అడిగాడు. "మరి ఈ పొగ లెక్కలోకి రాదా సార్?"

"డీజిలు మా శాఖ కాదు," అన్నాడు పరాంకుశం గారు. అందరూ రాసుకున్నారు.

ఆ వేసవిలోనే ఒక మంచి మాట చెవిన పడింది. కొండ మీది గాలిమరల కంపెనీ మేనేజరు ఫణిభూషణం చాంద్‌బీ మిషనుకు గోధుమలు తెచ్చి, పొగ చూసి బిత్తరపోయాడు. మాటల్లో తెలిసిందేమంటే, రాత్రిళ్ళు కొండ మీద గాలి బ్రహ్మాండంగా వీస్తుంది, ఆ వేళ పట్నానికి అంత కరెంటు అక్కర్లేదు, మరలను ఊరికే ఆపేస్తున్నారు. చిన్న లైను ఒకటి వేసుకుంటే ఊరికి ఇవ్వడానికి కంపెనీ సిద్ధం.

చాంద్‌బీ మిషను ఆపింది. గోధుమలు అట్లే వదిలి, మేనేజరును ముందు పెట్టుకుని, ఆఫీసుకు నడిచింది. వాళ్ళ వెనక మేము. నిజం చెప్పొద్దూ, అందరికీ పండగలాగే ఉంది. గాలి కరెంటు కూడా ఆకుపచ్చదే, ఇంక సారుకు అడ్డేముంటుంది అనుకున్నాం.

పరాంకుశం గారు అంతా శ్రద్ధగా విన్నాడు. మేనేజరుకు మజ్జిగ తెప్పించాడు.

"ప్రస్తుతం మా వాటా నూరు," అన్నాడు. "మీ లైను వేశాక ఎంతవుతుంది?"

"నూరే సార్," అన్నాడు ఫణిభూషణం.

"పెరగదా?"

"వాటా పెరగదు సార్. కరెంటు పెరుగుతుంది. రాత్రంతా ఉంటుంది."

"గాలి పడిపోయిన రోజున?"

"ఆ ఒక్కపూట మామూలు కరెంటు కొంచెం తీసుకుంటే సరిపోతుంది."

"అప్పుడు వాటా?"

"తొంభై అయిదో, ఆరో..."

పరాంకుశం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన ముఖంలో నిజమైన బాధ కనిపించింది. "అంటే, నూరు దగ్గర ఉన్న ఊరిని తొంభై అయిదుకు దించమంటున్నారు. దీన్ని ప్రగతి అంటున్నారు. ఈ ప్రతిపాదన ప్రగతికి దోహదపడనిదిగా భావించి తిరస్కరించడమైనది."

"సార్," అంది చాంద్‌బీ. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి గొంతు ఆ రోజు తగ్గింది. "ఆ గాలి మా నెత్తిమీదనే పోతాంది సార్. మా ఊరి గాలి."

"మీ భావోద్వేగం నాకు అర్థమైందమ్మా," అన్నాడు పరాంకుశం గారు. అర్థమైంది కూడా. ఆయన అబద్ధమాడే మనిషి కాదు.

ఆమె బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. ఎదురుగా కొండ మీద రెక్కలు తిరుగుతూనే ఉన్నాయి. ఆమె వాటిని చాలాసేపు చూసింది. చీవాట్లు పెట్టించుకోడానికైనా సరే అని మేమే పలకరించాం. కుచ్చెళ్ళు దులుపుకుని లేచి పోయింది. ఆ వారంలోనే ఎగువపాళెంలో గది బాడుగకు తీసుకుంది.

ఎగువపాళెం మాకు పక్క ఊరు. వేరే డివిజను. అక్కడి ఇంజినీరు సోమరిపోతు. వాటా తొమ్మిది. కరెంటు ఇరవై నాలుగు గంటలు.

మిషను విప్పి ట్రాక్టరు మీదికి ఎక్కిస్తుంటే పరాంకుశం గారు అటుగా నడిచి వచ్చాడు. ఆపుతాడేమో అనుకున్నాం.

"వెళుతున్నారామ్మా?"

"ఏం చేయల్ల సార్. డీజిలు పోసి పోసి పిండిలో లాభం పొగైపాయ. ఈ ఊళ్ళోనే పుట్టినా. ఈ మిషను మా నాయన పెట్టింది."

"మీరు మనసు కష్టపెట్టుకోకండి. నేను లెక్క చూశాను. మీరు వెళ్ళినా వాటా తగ్గదు." ఆయన ట్రాక్టరు వెనక తలుపు తనే ఎత్తి గొళ్ళెం వేశాడు. "సంతోషంగా వెళ్ళి రండి."

ఆమె వెనకాల వెల్డింగు షాపు పోయింది, ఐసుబండి పోయింది, ఇద్దరు మంగళ్ళు పోయారు. మేము పిండి కోసం ఎగువపాళేనికి బస్సెక్కాం. అక్కడ వరసలో నిలబడి, పాత అలవాటు ప్రకారం చీవాట్లు తిని, పిండి మూటలతో నూరు శాతం ఊరికి తిరిగొచ్చేవాళ్ళం. పరాంకుశం గారికి శాలువా కప్పారు. సన్మానపత్రంలో మా ఊరి వాడకం అదుపులో ఉన్నదని ప్రత్యేకంగా పొగిడారు.

మరుసటి ఏడు పై నుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. వాటా ఎంత ఉన్నదన్నది ముఖ్యం కాదట. పెరుగుదల ముఖ్యమట. ప్రతి ఊరూ నిరుటి మీద పది శాతం పెరిగి చూపవలెను. చూపనివారికి బదిలీ.

పరాంకుశం గారు ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడని అటెండరు చెప్పాడు. కుళ్ళాయప్పకు పిలుపొచ్చింది.

"నూటపది శాతం సాధ్యమా?"

"సాధ్యం కాదు సార్."

"సూర్యుడి వైపు నుంచి ఏమైనా అవకాశం?"

"సూర్యుడు చేసేది చేస్తాన్నాడు సార్. నూరు దాటితే వాడినదానికంటే ఎక్కువ వాడినట్లైతాది."

"ఎగువపాళెం పరిస్థితి?"

"వాళ్ళు తొమ్మిదిలో ఉండారు సార్. ఇంక పదేండ్లు కాలు మీద కాలేసుకొని పెరగొచ్చు."

పరాంకుశం గారు కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. అంత కష్టపడి శిఖరం ఎక్కినవాడికి, అక్కడి నుంచి ఎక్కేందుకు ఇంకేమీ లేదని తెలిస్తే ఎట్లా ఉంటుందో ఆయన వీపు చూస్తేనే తెలిసిందట. కుళ్ళాయప్పకు జాలేసింది. నీళ్ళు నమలకుండా అతను చెప్పిన మొదటి మాట బహుశా అదే. "దిగితే మళ్ళీ ఎక్కొచ్చు కదా సార్."

పరాంకుశం గారు వెనక్కి తిరిగాడు. కళ్ళల్లో నీళ్ళు.

వారం తిరక్కుండా సంత మైదానంలో షామియానా వేశారు. బొగ్గు కరెంటు పునరాగమన మహోత్సవం. పచ్చ రిబ్బను కట్టిన మెయిన్ స్విచ్చిని పరాంకుశం గారు స్వయంగా పైకెత్తాడు. ఊరంతా ఒక్కసారిగా ఫ్యాన్లు తిరిగాయి. ముసలివాళ్ళు ఏడ్చారు. పెరుగుదలకు పునాది తగ్గుదల అని ఆయన గంటసేపు ఉపన్యసించాడు. మైకు పని చేస్తున్నందువల్ల చివరిదాకా విన్నాం. వాటా పదకొండుకు దిగింది. పెద్ద సారు అభినందన పంపాడు.

మేము ట్రాక్టరు మాట్లాడుకుని ఎగువపాళెం పోయి చాంద్‌బీని బతిమాలాం. "మీ పిండి మీరు ఈడికొచ్చి పట్టించుకుంటాండారు కదా, ఏం తక్కువాయ?" అని కసిరింది. కానీ మాట్లాడుతూనే మిషను బోల్టులు విప్పడం మొదలుపెట్టింది.

ఇప్పుడిక నిజంగా పెరగాలి. ఏటా పది. లవం ముట్టుకోకుండా పెరిగే దారి లేదు, ఎందుకంటే ఈసారి హారం తగ్గిస్తే మళ్ళీ ఒక్క గంతులో నూరు వచ్చి కూర్చుంటుందని పరాంకుశం గారి భయం. అందువల్ల ఇండ్ల మీద ప్యానెళ్ళు వచ్చాయి. బ్యాటరీలు వచ్చాయి. తర్వాత కొండ మీది నుంచి లైను దిగింది. ఫణిభూషణానికి మళ్ళీ మజ్జిగ ఇచ్చారు, ఈసారి అల్లం వేసి. మా ఊరి గాలి మా ఇండ్లలో ఫ్యాన్లు తిప్పింది. డీజిలు ఇంజన్లు పాత సామాన్లవాడు ఎత్తుకుపోయాడు. ఆకాశం కనపడింది. ఏ వేళప్పుడు నొక్కినా బల్బు వెలిగేది. పరాంకుశం గారు ప్రమోషను మీద రాజధానికి పోయాడు. ఆయన సీట్లో కుళ్ళాయప్ప కూర్చున్నాడు. అన్నీ బాగున్నాయి.

వాటా మాత్రం పెరుగుతూనే ఉంది. యాభై అయింది, డెబ్బై అయింది. ఆఫీసు బయట బోర్డు మీద రోజూ రాసేవాళ్ళు. ఎనభై అయిదు దాటిన రోజు బజారులో జనం గుంపులుగా నిలబడి గుసగుసలాడారు. తొంభై రాసిన రోజు ఎవరూ ఏమీ అనుకోలేదు, ఎవరూ ఎవరికీ చెప్పలేదు. కానీ గాలి పడిపోయిన ఆ సాయంత్రం ఊళ్ళో ప్రతి ఇంటా అన్ని గదుల్లో దీపాలు వెలిగాయి. నడి వేసవిలో గీజర్లు మరిగాయి. టాకీసువాడు జనం లేకుండా షో వేశాడు. మర్నాడు బోర్డు మీద ఎనభై రెండు రాశారు. ఊరు ఊపిరి పీల్చుకుంది. అప్పటి నుంచి తొంభై దగ్గరపడినప్పుడల్లా ఇదే వరస.

కుళ్ళాయప్పకు ఇది అంతుపట్టలేదు. ఒక సాయంత్రం తనే బయల్దేరాడు. కొండ మీద రెక్కలు కదలడం లేదు. బస్టాండు వెనక పిండి మిషను మాత్రం ఊరు దద్దరిల్లేలా తిరుగుతోంది. లోపల గింజ లేదు, చాట లేదు, మనిషి లేడు. చాంద్‌బీ గడప మీద కూర్చుని ఆకువక్క నములుతోంది.

"ఏం చాందక్కా, మిషను ఉత్తగా తిరుగుతాంది?"

చాంద్‌బీ అతణ్ణి కిందికీ మీదికీ చూసింది.

"ఉత్తగా ఏం ల్యాదు నాయనా," అంది. "బొగ్గు తింటాంది."

"ఎందుకక్కా?"

"నూరు వస్తాందంట గదా. రానీకుండా పట్టుకోనుండా." ఆమె పక్కకు జరిగి గడప మీద చోటిచ్చింది. "ఆ గాలి వీచేదాకా నువ్వు గూడా రోంతసేపు కూర్చో."